కారుకు ఏ జిగురు ఎక్కడ: ఫెవిక్విక్, అరల్డైట్, ఎం-సీల్, డబుల్ టేప్, చివరికి సోల్డరింగ్ ఐరన్

మార్చిలో తిరుచానూరులో ఒక పెళ్లికి పోయి, రాత్రి కల్యాణ మండపం వెనక చీకట్లో కారు రివర్స్ తీస్తుంటే వెనక బంపర్ ఒక రాతి కూసానికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, టక్కుమని ఒక చప్పుడు, అంతే. లోపల కూర్చున్న మా అత్తగారికి నిద్ర కూడా చెడలేదు. ఇంటికొచ్చి ఫోన్ లైటు వేసి చూస్తే మాత్రం కింది అంచు నుంచి జానెడు పొడవున చీలిక, పక్కన చక్రం దగ్గర బంపర్‌ను బాడీకి పట్టి ఉంచే చెవి ఒకటి తెగి వేలాడుతోంది. మర్నాడు అడిగితే కొత్త బంపర్, పెయింటు, బిగింపు కూలి అంతా కలిపి తొమ్మిది వేల పైమాటే అన్నారు. పన్నెండేళ్ల పాత కారు. దాని మీద అంత పెట్టడానికి మనసొప్పక, వీధి చివర అంగట్లో ఐదు రూపాయల ఫెవిక్విక్ ట్యూబులు మూడు కొని అతికించేశాను. పదిహేను రూపాయలతో తొమ్మిది వేలు మిగిల్చానని ఇంట్లో రెండు రోజులు గొప్పలు కూడా చెప్పుకున్నా.

మూడో రోజు కొండకు పోయాం. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేది పాత ఘాట్ రోడ్డు కదా, 1944లో తెరిచింది, మలుపులకు లెక్కే లేదు. సగం దిగామో లేదో వెనక నుంచి టపటపా కొట్టుకునే చప్పుడు మొదలైంది. అలిపిరికి వచ్చి ఆపి చూస్తే చెవి ఊడిపోయింది, చీలిక నోరు తెరిచింది.

తప్పు ఆ జిగురుది కాదు, పూర్తిగా నాది. దాని పని ఒకటి, నేను పెట్టిన చోటు ఇంకొకటి. ఆ తర్వాత నాలుగు నెలల్లో నా కారుకు, మా తమ్ముడి కారుకు కలిపి అంగట్లో దొరికే జిగుర్లు ఇంచుమించు అన్నీ వాడి చూశాను. (ఒకటి బాగా అతుక్కున్నాక ఇంట్లో విరిగినవన్నీ వెతుక్కుని మరీ అతికించే జబ్బు పట్టుకుంటుంది, జాగ్రత్త.) ఎవరైనా నన్ను "అన్నిటికన్నా గట్టి జిగురు ఏది నా?" అని అడిగితే ఇప్పుడు నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. ముక్క ఏ ప్లాస్టిక్? దాన్ని ఏ వైపు నుంచి లాగుతారు? దానికి ఎంత ఎండ తగులుతుంది? ఇవి తెలిస్తే జిగురు దానంతటదే తేలిపోతుంది.

ముందు ముక్కను తిప్పి చూడండి

కొండ నుంచి దిగిన రోజే రేణిగుంట రోడ్డు వైపు ఉన్న ఒక టింకరింగ్ షెడ్డుకు పోయాను. అక్కడ ఉన్న పెద్దాయన బంపర్ చూడగానే నవ్వాడు.

"ఏం సామీ, జిగురు పూసినావా?"

"ఆ, ఫెవిక్విక్ పెట్టినా నా. నిలబడలేదు."

ఆయన బొటనవేలి గోటితో అంచున ఒకసారి గీరాడు. ఎండిన జిగురంతా పాము కుబుసం లాగా ఒకే పొరగా లేచి వచ్చేసింది. కింద ప్లాస్టిక్ మీద మరక కూడా లేదు, నేను దాని మీద ఏమీ పూయనట్టే ఉంది.

"ఇది పట్టుకోనే లేదు సామీ, ఊరికే పైన కూర్చోనుండింది" అని, తెగిన చెవిని తిప్పి, చొక్కా చివరతో మట్టి తుడిచి చూపించాడు. లోపలి వైపు చిన్న చిన్న అక్షరాల్లో అచ్చు పోసి ఉంది: పీపీ ప్లస్ ఈపీడీఎం.

పీపీ అంటే పాలీప్రొపిలిన్. కార్ల బంపర్లు చాలావరకు దీంతోనే, దెబ్బకు వంగడానికి కొంచెం రబ్బరు (ఆ ఈపీడీఎం అదే) కలిపి పోస్తారు. కొన్నిటి మీద టీపీఓ అని ఉంటుంది, అదీ ఈ కుటుంబమే. చక్రం పైన లోపలుండే నల్ల ప్లాస్టిక్ షీటు, బ్యాటరీ డబ్బా, వాషర్ నీళ్ల డబ్బా కూడా ఎక్కువగా పీపీ, లేదా దాని అన్నదమ్ముడు పాలీఇథిలిన్. నూనె రాసిన గిన్నెకు పిండి అంటనట్టు వీటికి ఏ మామూలు జిగురూ అంటదు, ఎందుకంటే జిగురు పని చేయాలంటే ముందు అది ఉపరితలం మీద పలుచగా పరుచుకోవాలి, పీపీ మీద అది పరుచుకోకుండా చుక్కగా ముడుచుకుంటుంది. నమ్మకం లేకపోతే బంపర్ వెనక వైపు శుభ్రంగా తుడిచి ఒక నీటి చుక్క వేసి చూడండి, పూస లాగా నిలబడుతుంది.

సైడ్ మిర్రర్ కవర్, ముందు గ్రిల్, కొన్ని లోపలి ముక్కల మీద ఏబీఎస్ అని ఉంటుంది. ఇది జిగురుకు చాలా మంచి ప్లాస్టిక్, ఏది పెట్టినా దాదాపు పట్టుకుంటుంది. హెడ్‌లైటు ముందుండే పారదర్శకమైన భాగం పీసీ, అంటే పాలీకార్బొనేట్. రేడియేటర్ పైనా కిందా ఉండే నల్ల ట్యాంకు పీఏ66, అంటే గాజు నార కలిపిన నైలాన్.

అక్షరాలు కనపడకపోతే విరిగిన చోట ఒక చిన్న పెచ్చు కోసి నీళ్లలో వేయండి. తేలితే అది పీపీయో పాలీఇథిలినో అని తీర్మానం చేసుకోవచ్చు. మునిగితే మాత్రం వెంటనే ఏబీఎస్ అనుకోకండి, గట్టిదనం కోసం సుద్దపొడి లాంటిది కలిపిన పీపీ కూడా మునుగుతుంది. అప్పుడు వెనక వైపు కనపడని చోట గీకి, ఒక చుక్క ఫెవిక్విక్ వేసి ఎండాక గోటితో లేపి చూడండి. షెడ్డు పెద్దాయన నాకు చూపించింది అదే పరీక్ష.

ఫెవిక్విక్: ఐదు రూపాయలకు చేసే పని చేస్తుంది

దీని అసలు పేరు సైనోయాక్రిలేట్. గాలిలో, ఉపరితలం మీద ఉండే ఆ కొంచెం తేమతోనే గట్టిపడుతుంది, అందుకే సెకన్లలో పట్టుకుంటుంది. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చుని మధ్యలో సందు లేకపోతే దీన్ని మించింది లేదు. ఏబీఎస్ గ్రిల్‌లో విరిగిన సన్నని గీత, ఏసీ గాలి తిప్పే చిన్న రెక్క, డాష్‌బోర్డు అర మూతకుండే బుల్లి కొక్కెం లాంటి వాటికి ఇదే కొనండి. ఎక్కువ పూస్తే ఎక్కువ గట్టి అనుకోవడం మనందరి పొరపాటు. ఒక్క చుక్క చాలు, మందంగా పూస్తే ఆరడానికి ఆలస్యం, పట్టు తక్కువ.

సందు ఉంటే వంట సోడా చిటికెడు నింపి పైన చుక్క వేస్తే క్షణంలో రాయి అవుతుంది. ఇది పని చేసే చిట్కానే, కానీ ఆ రాయి పెళుసు. అసలు ఈ జిగురంతా పెళుసే. పక్కకు జరిపే బలాన్ని తట్టుకుంటుంది, అంచు పట్టుకుని లేపే బలాన్ని తట్టుకోదు. పెనానికి అంటుకున్న దోసెను పక్కకు తోస్తే కదలదు, అదే అట్లకాడ అంచు కింద పెట్టి లేపితే చరచరా వచ్చేస్తుంది చూడండి, అదే లెక్క. బంపర్ వణుకుతూ ఉంటుంది, వంగుతూ ఉంటుంది. దానికి పెళుసు జిగురు పెట్టడమంటే ముందే ఓడిపోవడం.

ఇంకో రెండు మాటలు. ఆరేటప్పుడు దీన్నుంచి వచ్చే ఆవిరి చుట్టూ తెల్లటి బూజులా పడుతుంది, కాబట్టి మీటరు అద్దం, హెడ్‌లైటు దగ్గర వాడకండి. నూలు గుడ్డ మీద పడితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, చర్మం కాలేంత. నూలు చేతి తొడుగులు వేసుకుని ఈ పని చేయకండి. వేళ్లు అంటుకుంటే లాక్కోకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి, మెల్లగా వదులుతుంది. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా విడదీయకుండా, గోరువెచ్చని నీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి.

అరల్డైట్: ఓపిక ఉన్నవాళ్లకు

రెండు ట్యూబుల ఎపాక్సీ. ఒకటి రెజిన్, ఒకటి హార్డెనర్, రెండూ సమానంగా పిండి కలిపితే రసాయనిక చర్య జరిగి గట్టిపడుతుంది. ఐదు నిమిషాల్లో బిగుసుకునే రకం ఉంది, రాత్రంతా పట్టే మామూలు రకం ఉంది. అంగట్లో అడిగితే చేతికి ముందు ఐదు నిమిషాలదే ఇస్తారు. నేనైతే మామూలుదే తీసుకోమంటాను. ఆలస్యంగా ఆరేది సాధారణంగా ఎక్కువ గట్టిగానూ, వేడికి ఎక్కువ తట్టుకునేదిగానూ ఉంటుంది, పైగా ముక్క వంకరగా కూర్చుంటే సరిచేసుకోవడానికి టైం దొరుకుతుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఆ టైం కూడా సగమే అనుకోండి, వేడికి ఎపాక్సీ తొందరగా బిగుస్తుంది. పొద్దున్నే నీడలో కలపండి.

మా తమ్ముడి కారు సైడ్ మిర్రర్ కవర్‌ను గాంధీ రోడ్డులో ఎవరిదో బైకు హ్యాండిల్ తాకి పగలగొట్టింది. వెనక ఏబీఎస్ అని ఉంది, నా ప్రాణం లేచి వచ్చింది. విరిగిన అంచులు రెండూ ఎమరీ పేపర్‌తో, 100 నంబరు అనుకుంటా, మెరుపు పోయేదాకా రుద్దాను. దుమ్ము తుడిచి స్పిరిట్‌తో కడిగాను. పాత టైలు ముక్క మీద రెండు ట్యూబుల నుంచి శనగగింజంత శనగగింజంత పిండి, అగ్గిపుల్లతో రెండు నిమిషాలు కలిపాను. కలపడంలోనే చాలామంది తొందరపడతారు, గీతలు గీతలుగా కనిపిస్తుండగానే పూసేస్తారు, తర్వాత అది వారమైనా జిగటగానే ఉంటుంది. పూసి అతికించాక లోపలి వైపు, చీలికకు అడ్డంగా, కిటికీకి కొట్టే దోమల జాలీ ముక్క ఒకటి వేసి దాని మీద ఇంకో పొర పూశాను. ఆ జాలీనే అసలు బలం. చీలిక అంచు మందం రెండు మూడు మిల్లీమీటర్లు, దాని మీద ఎంత జిగురు పడుతుంది? వెనక జాలీ వేస్తే రెండు అంగుళాల వెడల్పున పట్టుకుంటుంది.

తర్వాత కదలకుండా కట్టాలి. మన పుత్తూరు కట్టు తెలిసిందే కదా, పసరు పూసి వెదురు దబ్బలు పెట్టి బిగించి కట్టి పంపిస్తారు, పసరు గొప్పతనం గురించి ఎవరేమన్నా ఆ దబ్బలు లేకుండా ఎముక అతుక్కోదు. ఇక్కడా అంతే. బట్టల క్లిప్పులు, పెయింటర్లు వాడే కాగితం టేపు, సైకిల్ ట్యూబు ముక్క, ఏదో ఒకటి పెట్టి మర్నాటి దాకా ముట్టకండి. పిల్లలున్న ఇంట్లో అయితే బీరువా మీద పెట్టండి. ఆ మిర్రర్ కవర్ ఇప్పటికీ ఉంది, రెండుసార్లు వాటర్ సర్వీసింగ్‌కు కూడా పోయొచ్చింది.

పీపీ బంపర్ మీద అరల్డైట్? వెనక ఎంత జాలీ వేసినా అది కూడా కుబుసమే అవుతుంది. పీపీ కోసం ప్రత్యేకంగా ప్రైమర్‌తో కలిపి అమ్మే జిగుర్లు ఉన్నాయి, పని చేస్తాయి, కానీ అవి వచ్చే ధర చూస్తే చవక రిపేరు అనే మాటకు అర్థం ఉండదు.

ఎం-సీల్ సంగతి

ఇది జిగురు కంటే పుట్టీ. రెండు ముద్దలు సమానంగా తీసుకుని చపాతీ పిండిలా రంగు ఒకటయ్యేదాకా పిసికి పెట్టడమే. ఖాళీ నింపడానికి బాగుంటుంది: తుప్పు పట్టి చిల్లు పడ్డ ఫ్లోరు రేకు, స్క్రూ పట్టు తప్పిన రంధ్రం, ఏబీఎస్ ముక్కలో ఎగిరిపోయిన మూల. ఇనుము మీద గీకి పెడితే బలంగా పట్టుకుంటుంది. వంగే వస్తువు మీద పెడితే పగులుతుంది. సైలెన్సర్ చిల్లుకు ఎం-సీల్ పెట్టేవాళ్లను చూశాను, ఆ వేడికి అది మాడి రాలిపోతుంది, దానికి వెల్డింగ్ కొట్టించడమే దారి.

నా బంపర్ చివరికి ఎలా అతికింది

సోల్డరింగ్ ఐరన్‌తో. పీపీకి జిగురు అంటదు గానీ వేడికి అది కరుగుతుంది, 160 డిగ్రీలు దాటితే చాలు, చల్లారితే మళ్లీ ఎప్పటిలా గట్టిపడుతుంది. అంటే దాన్ని దాంతోనే అతకొచ్చు. షెడ్డు పెద్దాయన దగ్గర దీనికి వేడి పిన్నులు దించే మిషనే ఉంది, అల అలగా వంచిన స్టీలు పిన్నును ఎర్రగా కాల్చి ప్లాస్టిక్ లోకి దించి, చల్లారాక కాళ్లు కత్తిరిస్తాడు. ఒక చీలికకు ఐదారు పిన్నులు, నాకు చెప్పిన కూలి నాలుగు వందలు. అది న్యాయమైన ధరే, చేతితో చేసుకునే సరదా లేనివాళ్లు ఇక్కడితో చదవడం ఆపి షెడ్డుకు పోవచ్చు.

నేను ఇంట్లో చేశాను. చీలిక ఎక్కడ ఆగిందో అక్కడ మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఒక రంధ్రం వేస్తే అది ఇంకా పైకి పాకదు, ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా. లోపలి వైపు నుంచి చీలిక పొడవునా ఐరన్ మొనతో అడ్డంగా కరిగించి రెండు అంచుల్నీ కలిపాను. పైన నింపడానికి అదే జాతి ప్లాస్టిక్ కావాలి. విరిగిన ప్లాస్టిక్ కుర్చీ కాలు ఒకటి మిద్దె మీద పడి ఉంది. ఆ కుర్చీలు పీపీతోనే చేస్తారు. దాన్ని సన్నని పుల్లలుగా కోసి కరిగించి పోశాను, రంగు తేడా ఉన్నా లోపలి వైపే కాబట్టి ఎవరికీ కనపడదు. కొందరు కేబుల్ టైలు కరిగించి పోస్తారు. అవి నైలాన్, పీపీలో కలవవు, చల్లారాక మళ్లీ విడిపోతాయి. పైగా ఈ పని ఆరుబయటే చేయాలి, ఆ పొగ పీల్చేది కాదు. మీ బంపర్‌లో పార్కింగ్ సెన్సర్లు ఉంటే వాటి దగ్గర ఐరన్ పెట్టకండి.

తెగిన చెవికి మాత్రం కరిగించడంతో పాటు ఒక అల్యూమినియం పట్టీ, రెండు చిన్న బోల్టులు పెట్టాను. బరువు మోసే చోట జిగురునైనా వెల్డునైనా ఒంటరిగా నమ్మకూడదని ఘాట్ రోడ్డే నేర్పింది. అందం అక్కర్లేదనుకుంటే ఇంకా సులువు ఉంది: చీలికకు రెండు వైపులా సెంటీమీటరు దూరంలో రంధ్రాలు వేసి కేబుల్ టైలతో బొంత కుట్టినట్టు కుట్టేయడమే. చూసినవాళ్లు నవ్వుతారు. కానీ అది ఊడదు, ఖర్చు యాభై రూపాయలు కాదు.

డబుల్ టేప్, అద్దం బిళ్ల, బీడింగ్

కంపెనీ లోగో, డోరు పక్క పట్టీ, వర్షం పడకుండా కిటికీ పైన పెట్టే వైజర్ లాంటి పలుచటి, తేలికైన వాటికి జిగురే వద్దు. 3ఎం వీహెచ్‌బీ లాంటి యాక్రిలిక్ ఫోమ్ టేపు కొనండి. అది కొంచెం సాగుతుంది, ఎండకు రేకు ఒకలా ప్లాస్టిక్ ఒకలా వ్యాకోచించినా తట్టుకుంటుంది. పచ్చ కాగితం తీసి అంటించేసి వెంటనే కారు కడిగేవాళ్లే తర్వాత టేపును తిడతారు. గట్టిగా అదిమి పెట్టాలి, ఇరవై నిమిషాల్లో సగం పట్టు వస్తుంది, ఒక రోజుకు తొంభై శాతం, పూర్తి పట్టుకు మూడు రోజులు. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కరోనా కాలంలో మిగిలిపోయిన శానిటైజర్‌తో తుడిచే తెలివి నేనూ చూపించాను. చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, ఆ జిడ్డు మీద టేపు నిలవదు.

లోపలి అద్దం, అదే వెనక వచ్చేవాళ్లను చూసేది, ముందు గాజుకు ఒక ఇనుప బిళ్లతో అతికి ఉంటుంది. అది ఊడితే ఫెవిక్విక్ పెట్టాలనే అందరికీ అనిపిస్తుంది. మే నెలలో ఆర్టీసీ బస్టాండు ఎదురుగా ఎండలో రెండు గంటలు పార్క్ చేసి తలుపు తీస్తే స్టీరింగు ముట్టుకోలేం, గాజు దగ్గర, డాష్‌బోర్డు మీద వేడి 70 డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. మామూలు ఫెవిక్విక్ 80 దగ్గర పట్టు వదులుతుంది, ఇంట్లో వాడే చాలా ఎపాక్సీలు 60 దాటాక మెత్తబడటం మొదలవుతుంది. హద్దుకు అంత దగ్గరగా పెట్టుకుని, పైన అద్దం బరువు, కింద రోడ్డు కుదుపు. దీనికి రియర్ వ్యూ మిర్రర్ అడెసివ్ అని విడిగా చిన్న కిట్ అమ్ముతారు, అదే కొనండి. పాత జిగురు గీకే ముందు బిళ్ల ఎక్కడుండేదో గాజుకు బయట వైపు మార్కరుతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ వంకరగా అతికించరు.

డోరు రబ్బరు బీడింగ్ లేచిపోతే చెప్పులు అతికించే రకం రబ్బరు జిగురు వాడాలి. రెండు వైపులా పలుచగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక కలిపి నొక్కాలి. తడిగా ఉండగానే కలిపితే పట్టదు. నవంబరు వానలు మొదలవక ముందే చేయించుకోండి, 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక సిలికాన్. అంగట్లో గన్‌తో కొట్టించి ఇచ్చేది. అది నీళ్లు కారకుండా ఆపడానికే, పట్టి ఉంచడానికి కాదు. టెయిల్ లైటు అంచున నీళ్లు దిగుతుంటే పెట్టండి, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం వైర్లను, రేకును తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి. పెయింటు వేయించే ఉద్దేశం ఉన్న చోట మాత్రం సిలికాన్ అసలు తాకనివ్వకండి. ఎంత గీకినా దాని జిడ్డు మిగిలి, పైన పెయింటు గుంటలు గుంటలుగా విరుగుతుంది, టింకర్లు మనల్ని బూతులు తిట్టేది ఇందుకే. ఇంకో జాగ్రత్త, హెడ్‌లైటు పాలీకార్బొనేట్‌ను థిన్నర్‌తో కానీ అసిటోన్‌తో కానీ తుడవొద్దు, తెల్లగా పగుళ్లు తేలి లైటే పోతుంది.

వీటి దగ్గరికి జిగురు తీసుకుపోవద్దు

బ్రేకు పైపులు, స్టీరింగుకు చెందినది ఏదైనా, పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు, సీటు బెల్టు, టైరు. ఇక్కడ చవక రిపేరు అనే మాటే లేదు. ముందు గాజు కూడా అంతే, దాన్ని పాలీయురెథేన్‌తో అతికిస్తారు, అది బాడీ బలంలో భాగం, ఇంట్లో చేసే పని కాదు. డాష్‌బోర్డు మీద ఎస్ఆర్ఎస్ అని రాసి ఉన్న చోట పగులు ఉంటే జిగురు పెట్టకండి, ఆ మూత కింద ఎయిర్‌బ్యాగ్ ఉంది, అది క్షణంలో పగిలి తెరుచుకోవాలి, మీరు గట్టిగా అతికించిన ముక్క ఎగిరి మొహానికి తగులుతుంది.

రేడియేటర్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీనికి ఎం-సీల్ పెట్టి నెలల తరబడి తిరుగుతారు. అందులో నీళ్లు వంద డిగ్రీల దగ్గర, బయటి గాలి కంటే ఇంచుమించు ఒక బార్ ఎక్కువ ఒత్తిడితో ఉంటాయి. దారిలో ఆగిపోయి దగ్గర్లో ఏమీ లేకపోతే పూర్తిగా చల్లారాక పూసుకుని, మెల్లగా మెకానిక్ దాకా చేరండి. కొండెక్కకండి.

అతికించాలా, క్లెయిమా, పాతది కొనాలా?

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని చిన్న బంపర్‌కు క్లెయిమ్ పెట్టే ముందు లెక్క వేసుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు కొట్టేస్తారు. 1500 సీసీ లోపు కారుకు మొదటి వెయ్యి రూపాయలు ఎలాగూ మనవే. ఆపైన నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అది మొదటి ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 దాకా పెరిగేది. తొమ్మిది వేల బిల్లులో ఇవన్నీ తీస్తే చేతికొచ్చేది పోయే బోనస్‌కు సరిపోతుందో లేదో మీ పాలసీ కాగితం చూసి తేల్చుకోండి. జీరో డిప్, అంటే ఆ తరుగు కొట్టని పాలసీ, ఉన్న కొత్త కారయితే ఈ వ్యాసంతో పనే లేదు, మార్పించేయండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే క్లెయిమ్ ప్రశ్నే రాదు, నాది అదే.

నా మట్టుకు గీత ఇక్కడ గీశాను: చీలిక జానెడు లోపు, చెవులు ఒకటో రెండో తెగితే అతుకు. మూడు చెవులు పోయినా, బంపర్ లోపలి ఇనుప కమ్మీ వంగినా అతుకు వద్దు. అప్పుడు పాత బంపర్ చూసుకోవచ్చు. మనకు దగ్గర్లో చెన్నై పుదుప్పేట ఉంది, పాత కార్ల విడిభాగాలకు పేరున్న బజారు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అదే మోడల్, అదే ఏడాది, దొరికితే అదే రంగు చూసుకోండి, పెయింటు ఖర్చు కూడా తప్పుతుంది. బేరం మొదలెట్టక ముందే బంపర్‌ను తిప్పి చెవులన్నీ ఉన్నాయో లేదో వేలు పెట్టి లెక్కపెట్టండి. మా తమ్ముడు లెక్కపెట్టకుండా ఒకటి తెచ్చాడు, ఇప్పుడు నా కుర్చీ కాలులో మిగిలిన పుల్లలు అడుగుతున్నాడు.